వ్యానుకు రెండో గుండె!

వ్యానంటే ఇప్పుడు మనుషుల్నీ సరుకుల్నీ మోసే బండి మాత్రమే కాదు. అదే టిఫిన్ సెంటరు, అదే దుకాణం, అదే నాలుగు చక్రాల ఇల్లు! ఆగినచోటల్లా దీపం వెలగాలి, ఫ్యాను తిరగాలి, ఫోను ఛార్జవ్వాలి. బండితో వచ్చిన బ్యాటరీ మాత్రం ఆ పని కోసం తయారైంది కాదు. అందుకే చాలామంది రెండోది పెట్టించుకుంటున్నారు. దాన్ని సరిగ్గా పెడితే అది వ్యానుకు రెండో గుండె. తప్పుగా పెడితే... సీటు కింద నిప్పు!

సాయంత్రం ఆరింటికల్లా రోడ్డు పక్కన టిఫిన్ వ్యాను ఆగుతుంది. దీపాలు వెలుగుతాయి, చిన్న ఫ్యాను తిరుగుతుంది, పెనం మీద దోసె చుయ్‌మంటుంది. రాత్రి పదకొండింటికి గిన్నెలన్నీ సర్దేసి తాళం తిప్పితే ‘టక్’మని ఒక్క చప్పుడు. అంతే, సెల్ఫ్ తీసుకోదు. ఆ వేళప్పుడు బండి తోసేవాళ్లను వెతుక్కోవాల్సిందే. పిల్లాపాపలతో యాత్రకు బయల్దేరి ఊరికి దూరంగా భోజనానికి ఆగిన కుటుంబానికి ఇదే జరిగితే? రోగిని ఎక్కించుకోవడానికి వెళ్లిన అంబులెన్సుకు జరిగితే? మొదటిది నిద్ర చెడగొడుతుంది. రెండోది ప్రయాణాన్ని పాడుచేస్తుంది. మూడోది ప్రాణం మీదికే తెస్తుంది. కారణం మాత్రం మూడింటికీ ఒకటే... ఒక్క బ్యాటరీ నెత్తిన రెండు పనులు పెట్టడం.

బండిని మరో పనికి మలచుకోవడం తెలుగువాళ్లకు కొత్తేం కాదు. 1982లో ఎన్టీఆర్ పాత షెవర్లే వ్యానును ‘చైతన్యరథం’గా మార్చి ఊరూరా తిరిగారు. 2005లో హైదరాబాద్ నుంచి మొదలైన 108 సేవలతో వ్యానే చిన్నపాటి ఆసుపత్రయింది. అదే ఏడాది మార్కెట్లోకి వచ్చిన టాటా ఏస్ లాంటి బుల్లి వాహనాల మీద ఇడ్లీబండ్లూ జ్యూసు సెంటర్లూ వెలిశాయి. బండి ఆగాక కూడా కరెంటు కావాల్సిన అవసరం అలా పెరుగుతూనే ఉంది.

పరుగు వేరు... బరువు వేరు!

ఒకప్పుడు కార్లకు ముందువైపు ఇనుప కడ్డీ పెట్టి చేత్తో తిప్పితేగానీ ఇంజిను రాజుకునేది కాదు. ఆ బాధ తప్పించింది ఛార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టర్. 1912లో కాడిలాక్ కార్లతో అది జనంలోకి వచ్చింది. బండి బ్యాటరీకి అసలు ఉద్యోగం అప్పుడే ఖాయమైంది... తాళం తిప్పిన ఆ రెండు మూడు క్షణాల్లో వంద, రెండొందల ఆంపియర్ల కరెంటును ఒక్క ఉదుటున సెల్ఫ్ మోటారుకు అందించడం. ఆ తర్వాత దానికి విశ్రాంతే. వాడిన కాస్త కరెంటునూ ఇంజినుతో పాటు తిరిగే ఆల్టర్నేటర్ (మెకానిక్కులు ఇప్పటికీ డైనమో అనే అంటుంటారు) తిరిగి నింపేస్తుంది.

ఇందుకోసం ఆ బ్యాటరీలో పల్చటి సీసపు పలకల్ని ఎక్కువ సంఖ్యలో పేరుస్తారు. అవి వంద మీటర్ల పరుగు వీరుల్లాంటివి. అదే వీరుడి నెత్తిన బస్తా పెట్టి పదిమైళ్లు నడవమంటే కూలబడిపోతాడు. గంటల తరబడి దీపాలకూ ఫ్యాన్లకూ వాడి అడుగంటా ఖాళీ చేస్తే, ఈ తరహా బ్యాటరీ కొన్ని పదుల సార్లకే పనికిరాకుండా పోతుంది. బస్తా మోయడానికి మందమైన పలకలున్న ‘డీప్ సైకిల్’ బ్యాటరీ వేరే ఉంది. ఇంట్లో ఇన్వర్టరుకు వాడే ట్యూబులర్ బ్యాటరీదీ ఆ వంశమే. ఇలా లోతుగా వాడుకున్నా అది వందలసార్లు తట్టుకుంటుంది.

అలాగని ఇంట్లోని పాత ఇన్వర్టరు బ్యాటరీని తీసుకెళ్లి వ్యానులో పెట్టేయడం మంచిది కాదు. పొడవాటి ఆ డబ్బా బరువు చాలావాటిలో యాభై కిలోలు దాటుతుంది. లోపలంతా ఆమ్లద్రావకం. గతుకుల్లో ఒలికితే చర్మమూ ఇనుమూ రెండూ మిగలవు. సడెన్ బ్రేకు పడితే ముందు సీట్లోని మనిషి మీదికి దూసుకొస్తుంది. ద్రావకం ఒలకని ఏజీఎం తరహా సీల్డ్ బ్యాటరీ గానీ, సొంత రక్షణ సర్క్యూటు ఉన్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ గానీ వ్యానుకు నయం. లిథియంది ఖరీదు ఎక్కువ, బరువు తక్కువ, ఆయుష్షు ఎక్కువ.

ముందు కాగితం... తర్వాతే పానా!

ఎంత బ్యాటరీ కావాలి? దుకాణంలో అడగడానికి ముందు ఇంట్లో కూర్చుని లెక్కేసుకోవచ్చు. ఎన్ని వాట్లో చూసి దాన్ని 12తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. గంటలతో గుణిస్తే ‘ఆంపియర్-అవర్లు’. బ్యాటరీ మీద ‘ఏహెచ్’ అని రాసి ఉండేది అదే.

ఒక టిఫిన్ వ్యాను సంగతే తీసుకోండి. పది వాట్ల ఎల్‌ఈడీ దీపాలు నాలుగు, ఇరవై వాట్ల ఫ్యాన్లు రెండు, ఫోను ఛార్జరుకూ బిల్లు మిషనుకూ కలిపి మరో నలభై వాట్లు. మొత్తం 120. అంటే పది ఆంపియర్లు. ఐదు గంటల వ్యాపారానికి 50 ఏహెచ్. చిన్న వ్యాన్లతో వచ్చే 35 ఏహెచ్ బ్యాటరీ ఇందుకు ఏమూలకూ చాలదని ఇక్కడే తేలిపోతుంది. సీసం బ్యాటరీని సగం కన్నా ఎక్కువ వాడకుండా ఉంటేనే అది ఎక్కువకాలం మన్నుతుంది కాబట్టి 100 ఏహెచ్‌ది కావాలన్నమాట. లిథియందైతే ఎనభై శాతం దాకా వాడుకోవచ్చు కనుక అరవై, డెబ్భై ఏహెచ్ సరిపోతుంది.

చాలామంది మరచిపోయే లెక్క ఇంకొకటుంది. వాడిన యాభై తిరిగి నిండేదెలా? ఇంటికి అరగంట ప్రయాణమనుకుంటే, బ్యాటరీలోకి ఇరవై ఆంపియర్లు వెళ్లినా చేరేది పదే. మిగతా నలభై బాకీ! రోజూ ఇలా బాకీ పెరుగుతూ పోతే కొత్త బ్యాటరీ కూడా నెలల్లోనే డీలా పడుతుంది. ‘బ్యాటరీ మంచిది కాదు’ అని కంపెనీని తిట్టుకునే సందర్భాల్లో అసలు దోషం ఈ అరకొర ఛార్జింగ్‌దే కావచ్చు. రాత్రి ఇంటి దగ్గర ప్లగ్గుకు ఛార్జరు పెట్టుకోవడం దీనికి సులువైన మందు. పైకప్పు మీద వంద వాట్ల సౌరఫలకం ఉంటే ఎండ బాగా ఉన్న రోజున సుమారు 30 ఏహెచ్ వచ్చి చేరుతుంది.

మిక్సీ, ఇస్త్రీపెట్టె లాంటివాటిని వ్యానులో వాడాలనుకునేవాళ్లు మరింత ఆలోచించాలి. ఇంట్లో 230 వోల్టుల దగ్గర 500 వాట్ల మిక్సీ తీసుకునేది రెండు ఆంపియర్ల పైచిలుకే. అదే మిక్సీని 12 వోల్టుల బ్యాటరీ మీద ఇన్వర్టరు పెట్టి తిప్పితే బ్యాటరీ తీగల్లో నలభైకి పైగా ఆంపియర్లు పారతాయి. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె అయితే ఎనభై పైనే! ఇంట్లో అలవాటైన సన్న వైరును అక్కడ వాడితే కాలిపోక ఏమవుతుంది?

మధ్యలో ఓ తలుపు

రెండు బ్యాటరీలూ 12 వోల్టులవే కదా, ప్లస్సుకు ప్లస్సు, మైనస్సుకు మైనస్సు కలిపేస్తే పోలా... అనుకుంటారు కొందరు. అలా కలిపేస్తే అవి రెండు బ్యాటరీలు కావు, ఒక్క పెద్ద బ్యాటరీ. దీపాలు రెండింటినీ కలిపే ఖాళీ చేస్తాయి. తెల్లారి సెల్ఫ్ కొట్టడానికి ఏదీ మిగలదు. పైగా ఒకటి కొత్తదీ ఒకటి పాతదీ అయితే నీరసించిన బ్యాటరీ రెండోదాన్నీ తనతోపాటు కిందికి లాగుతుంది.

అందుకే రెండింటి మధ్య ఒక తలుపుండాలి. ఇంజిను తిరుగుతున్నంతసేపూ తెరుచుకుని రెండింటినీ నింపాలి, ఇంజిను ఆగగానే మూసుకుపోవాలి. చేత్తో తిప్పే స్విచ్చు అన్నిటికన్నా చవక. కానీ తిప్పడం మరచిపోయిన రాత్రే కథ మొదటికొస్తుంది. వోల్టేజీని పసిగట్టే రిలే ఆ పనిని తనంతట తనే చేస్తుంది. ఇంజిను మొదలై వోల్టేజీ 13.3 ప్రాంతానికి చేరగానే తలుపు తీస్తుంది, 12.8 ప్రాంతానికి దిగగానే మూసేస్తుంది.

పాత వ్యాన్లకు ఈ రిలే చక్కగా సరిపోతుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక తయారవుతున్న కొన్ని వాహనాల్లో మాత్రం చిక్కుంది. ఇంధనం ఆదా చేయడానికి, మొదటి బ్యాటరీ నిండగానే బండిలోని కంప్యూటరు ఆల్టర్నేటర్ వోల్టేజీని తగ్గించేస్తుంది. ఇంజిను ఆగిందనుకుని రిలే తలుపు మూసేస్తుంది. రెండో బ్యాటరీ ఎప్పటికీ నిండదు. ఇలాంటి బండ్లకు ‘డీసీ-డీసీ ఛార్జర్’ అనే పెట్టె కావాలి. వచ్చే వోల్టేజీ ఎంతైనా బ్యాటరీకి తగినట్టు మార్చి అందిస్తుందది. లిథియం బ్యాటరీ పెట్టినా ఇదే మేలు. ఎందుకంటే లిథియం ఆకలి ఎక్కువ. నేరుగా కలిపితే ఆల్టర్నేటర్ నుంచి శక్తికి మించి లాగి దాన్నే మాడ్చేయగలదు.

సన్న వైరు... దొంగ వైరు

బ్యాటరీ కొనడానికి వేలు పెట్టినవాళ్లు వైరు దగ్గర వందలకు వెనకాడతారు. అక్కడే దెబ్బతింటారు. ఇంజిను దగ్గర్నుంచి వ్యాను వెనకభాగానికి ఐదు మీటర్ల వైరు అనుకుందాం. ఇళ్లలో వాడే 2.5 ఎంఎం రాగి వైరు వేసి ముప్ఫై ఆంపియర్లు పంపితే దారిలోనే ఒక వోల్టు హరించుకుపోతుంది. బయల్దేరిన 14.2 వోల్టులు బ్యాటరీని చేరేసరికి 13.2 అవుతాయి. అంతతో సీసం బ్యాటరీ పూర్తిగా నిండదు. పోయిన ఆ వోల్టు ఎక్కడికెళ్లింది? ముప్ఫై వాట్ల వేడిగా మారి వైరు తొడుగును లోలోపల కాలుస్తూ ఉంటుంది. అదే 16 ఎంఎం వైరైతే పోయేది వోల్టులో ఆరోవంతు. సన్న గొట్టంతో మేడమీది ట్యాంకు నింపబోతే ఏమవుతుందో ఇక్కడా అదే.

మందం ఒక్కటే చాలదు. బండి నిత్యం అదురుతుంటుంది. ఇంటి గోడల్లో వేసే ఒంటి తీగ వైరు ఆ అదురుకు విరుగుతుంది. సన్న పోగులు ఎక్కువగా ఉండే ఆటో కేబులే వాడాలి. రెండు కొసలు మెలిపెట్టి టేపు చుట్టే అతుకు బండికి పనికిరాదు. వేసవి వేడికి టేపు జిగురు కరిగి ఊడిపోతుంది. సరైన కొలత లుగ్గును పనిముట్టుతో గట్టిగా నొక్కి, పైన తొడుగు వేయాలి. రేకుకు రంధ్రం చేసి వైరు పంపినచోట రబ్బరు గ్రొమెట్ తప్పనిసరి. లేకపోతే ఆ రేకు అంచే కత్తిలా మారి రోజుకింత కోస్తుంది. ఏదో ఒకనాటికి తీగ బయటపడి బాడీకి తగులుతుంది. షార్టు సర్క్యూటు అంటే అదే.

ఫ్యూజు ఒకటి కాదు... రెండు!

షార్టయిన క్షణంలో మంచి బ్యాటరీ నుంచి వెయ్యి ఆంపియర్లకు పైగా దూసుకు రాగలవు. ఎంత మందం తీగైనా క్షణాల్లో ఎర్రగా కాలుతుంది. దాన్ని ఆపగలిగేది ఫ్యూజొక్కటే. ఫ్యూజు ఉన్నది దీపాన్నో ఫ్యానునో కాపాడటానికని చాలామంది అనుకుంటారు. అది ముందుగా కాపాడేది వైరును. అందుకే దాన్ని వైరు తట్టుకునే శక్తిని బట్టి ఎంచుకోవాలి. బ్యాటరీకి వీలైనంత దగ్గరగా, ఓ జానెడు దూరంలో పెట్టాలి. దూరంగా పెడితే బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్యనున్న తీగకు దిక్కెవరు?

రెండు బ్యాటరీల్నీ కలిపే వైరు విషయంలో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. మొదటి బ్యాటరీ దగ్గర ఫ్యూజు పెట్టి ఊరుకుంటారు. మధ్యలో వైరు షార్టయితే ఆ ఫ్యూజు పోతుంది, నిజమే. కానీ అవతలి కొసన ఉన్నదీ బ్యాటరీయే! అది తన వైపు నుంచి నిప్పు కురిపిస్తూనే ఉంటుంది. కాబట్టి ఆ వైరుకు రెండు కొసల్లోనూ ఫ్యూజుండాలి.

మాటిమాటికీ ఫ్యూజు పోతోందని సిగరెట్ పెట్టెలోని వెండి కాగితమో రాగి పోగో చుట్టేస్తే, కాపలాదారును పంపేసి తలుపు బార్లా తెరిచినట్టే. పోయిన చోట అదే రంగు ఫ్యూజు పెట్టాలి. బ్లేడు ఫ్యూజుల్లో ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. మళ్లీ పోతే తప్పు ఫ్యూజుది కాదు, వైరింగ్‌ది.

బ్యాటరీ పెట్టే చోటూ ముఖ్యమే. ఛార్జింగ్ సమయంలో సాధారణ సీసం బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వెలువడుతుంది. గాలిలో అది నాలుగు శాతం చేరితే చాలు, చిన్న నిప్పురవ్వకు పేలుతుంది. మనుషులు కూర్చునే చోట పెడితే గాలి బయటికి పోయే గొట్టం ఉండాల్సిందే. టిఫిన్ వ్యాన్లో గ్యాస్ సిలిండరు పక్కన అసలే వద్దు. వేడి కూడా శత్రువే. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే సీసం బ్యాటరీ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందన్నది నిపుణుల అంచనా. రామగుండం, రెంటచింతల ఎండల్లో ఇంజిను పక్కన పెట్టిన బ్యాటరీ పరిస్థితి ఊహించుకోవచ్చు. ఎక్కడ పెట్టినా కింద ట్రే, పైన బిగించే పట్టీ ఉండాలి. ప్లస్ టెర్మినల్ మీద రబ్బరు మూత మరవకూడదు.

దొంగను పట్టేదెలా?

అన్నీ పెట్టించాక కూడా ఓ ఉదయం బండి కదలకపోవచ్చు. వెంటనే ‘బ్యాటరీ పోయింది’ అని తీర్పిచ్చి కొత్తది కొనక్కర్లేదు. మంచి ఆటో ఎలక్ట్రీషియన్ ముందుగా చూసేది ఎర్తు. బ్యాటరీ నుంచి వెళ్లే కరెంటు ఇంజిను, బాడీ ఇనుము గుండానే మైనస్సుకు తిరిగొస్తుంది. ఆ దారిలో తుప్పో రంగో అడ్డుపడితే చిత్రాలన్నీ మొదలవుతాయి. ఇండికేటరు వేస్తే బ్రేకు లైటు కన్నుకొడుతుంది. హెడ్‌లైట్లు గుడ్డిగా వెలుగుతాయి. ఇంజినుకూ బాడీకీ మధ్య ఎర్తు పట్టీ పూర్తిగా తెగిపోతే సెల్ఫ్ కరెంటు ఇంకో దారి వెతుక్కుంటుంది. యాక్సిలరేటర్ కేబుల్ వేడెక్కి మాడిపోయిన బండ్లున్నాయి!

దీన్ని పట్టుకోవడానికి కొన్ని వందల రూపాయల మల్టీమీటరు చాలు. ఒక ముల్లు బ్యాటరీ మైనస్ మీద, ఇంకోటి ఇంజిను మీద పెట్టి ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనాలి. రీడింగు 0.2 వోల్టుల లోపుంటే ఎర్తు బాగున్నట్టే. అంతకు మించి ఉంటే ఆ దారిలోని బోల్టులు విప్పి, ఇనుము మెరిసేదాకా గీకి, మళ్లీ బిగించాలి. బ్యాటరీ ఆరోగ్యం చూడాలంటే బండి ఆపిన కొన్ని గంటల తర్వాత కొలవాలి. సీసం బ్యాటరీ 12.6 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగం, 11.9 అయితే దాదాపు ఖాళీ.

అన్నీ ఆపేసినా రాత్రికి రాత్రి ఛార్జింగ్ దిగిపోతోందంటే ఎక్కడో దొంగ ఉన్నాడన్నమాట. మామూలుగా గడియారం, అలారం లాంటివి కలిసి తీసుకునేది 50 మిల్లీ ఆంపియర్లు మించదు. అదే అర ఆంపియరు పోతుంటే రోజుకు 12 ఏహెచ్. చిన్న బ్యాటరీ మూడు రోజుల్లో ఖాళీ! మైనస్ వైరు విప్పి, మీటరును ఆంపియర్ల మీద పెట్టి మధ్యలో కలపాలి. కొత్త బండ్లలో కంప్యూటర్లు నిద్రపోయేదాకా ఓ అరగంట ఆగాలి. తర్వాత ఒక్కో ఫ్యూజూ తీస్తూ పోతే, ఏది తీసినప్పుడు అంకె పడిపోతుందో దొంగ ఆ దారిలోనే ఉన్నట్టు. ఈ పరీక్ష సాగుతుండగా సెల్ఫ్ మాత్రం కొట్టకూడదు, మీటరు కాలిపోతుంది.

కాకినాడ, విశాఖ లాంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలికి రాగి తీగ తొడుగు లోపలే చిలుం పట్టి ఆకుపచ్చగా మారుతుంది. పైకి బాగానే కనిపించే వైరు లోపల పొడిపొడిగా రాలుతుంది. వాడకుండా నిలిపిన బండ్లలో ఎలుకలు తీగలు కొరకడమూ మామూలే. టెర్మినళ్ల మీద తెల్లగానో నీలంగానో పేరుకునే పొడిని వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, ఆరాక పెట్రోలియం జెల్లీ రాస్తే సరి. ఆ నీళ్లు బ్యాటరీ మూతల్లోంచి లోపలికి పోకుండా చూసుకోవాలి.

పని అప్పగించే ముందు...

* విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. పానా పొరపాటున బాడీకి తగిలినా మంటలు రాకుండా కాపాడేది ఈ వరసే.

* చేతికి ఉంగరం, కడియం, లోహపు గడియారం ఉంటే తీసేయాలి. ప్లస్సుకూ బాడీకీ మధ్య చిక్కిన ఉంగరం వేలిని కాల్చేస్తుంది.

* ఫ్యూజులు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఏ వైరు ఎటు పోతోందో కాగితం మీద గీయించుకుని డాష్‌బోర్డులో దాచుకోవాలి. రోడ్డు మీద ఆగిపోయినప్పుడు ఆ కాగితమే మెకానిక్కుకు దారిచూపుతుంది.

* పని పూర్తయ్యాక ఇంజిను నడుపుతూ అన్నీ ఆన్ చేసి పావుగంట తర్వాత ప్రతి అతుకునూ వేలితో తాకి చూడాలి. వేడెక్కిన అతుకే రేపటి ప్రమాదం.

* కొత్త బండిలో వైర్లు కోస్తే వారంటీ పోవచ్చు. ముందే కంపెనీవారిని, బీమా సంస్థనూ అడగాలి. బండి ఆకారాన్నే మార్చేట్టయితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రవాణాశాఖ అనుమతి తీసుకోవాలి.

రిలే, రెండు ఫ్యూజులు, మందపాటి వైరు... వీటన్నిటికీ అయ్యే ఖర్చు చాలా సందర్భాల్లో బ్యాటరీ ధర కన్నా తక్కువే. బేరమాడాలనిపిస్తే బ్యాటరీ దగ్గర ఆడొచ్చు. వైరు దగ్గరా ఫ్యూజు దగ్గరా వద్దు. ఆ వైరు పైన, ఆ సీటు మీదే పిల్లలు నిద్రపోతుంటారు.